నిలబడిన బొమ్మ

వెంకటలక్ష్మి లివర్ పైకెత్తి, సాకెట్లోని ఐసీ చిప్‌ని పట్టకారుతో బయటికి తీసి, ఎడంచేతి పక్కనున్న బిస్కెట్ డబ్బాలో పడేసింది. అది పాడుది. సంచిలోంచి ఇంకోటి తీసి, వంకరపోయిన కాలిని గోటితో సరిచేసి, సాకెట్లో కూర్చోబెట్టి లివర్ కిందికి నొక్కింది. ఎదురుగా ఉన్న బుల్లి టీవీలో పుల్లయ్య ఒక్కసారి కిందికి జారిపోయి, మళ్ళీ పైనుంచి దిగి, కాస్త వణికి, నిలబడ్డాడు. ఊపిరి రెండు మూడుసార్లు తీసి వదిలినంతసేపు చూసింది. బొమ్మ కదల్లేదు. మంచిదే. ఆకుపచ్చ ట్రేలో వరుస చివర పెట్టి, సంచిలో చెయ్యి పెట్టింది.

చందానగర్‌లో ముంబై రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, కళ్ళద్దాల దుకాణం పైన రెండో అంతస్తు అది. మెట్ల దగ్గర కంపెనీ పేరుతో బోర్డు ఉంటుంది గానీ, లోపల మనుషులు ఇద్దరే. ఐసీలు పరీక్షించడానికి వెంకటలక్ష్మి, వాటిని సర్క్యూట్ బోర్డులకు అతకడానికి పుల్లయ్య. వాళ్ళ పైన యజమాని యజ్ఞనారాయణ సారు. ఆయన గవర్నమెంటులో ఇంజనీరుగా చేసి రిటైరై, ఊరికే కూర్చోలేక ఇది పెట్టుకున్నాడు. కిటికీ తెరిస్తే దూరంగా హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు కనిపిస్తాయి. అయినా దుమ్ము పడుతుందని కిటికీ తెరవరు.

వాళ్ళు చేసేది అరచేతిలో పట్టే బోర్డు. రేవుల్లో క్రేన్ల మీద పాతకాలపు కెమెరాలు ఇంకా ఉన్నాయి. ఆ కెమెరా చూపించే బొమ్మ మీద క్రేను నంబరూ టైమూ అచ్చు వెయ్యడం ఈ బోర్డు పని. కొత్త కెమెరాలకు ఇవేవీ అక్కర్లేదు. పాతవి ఉన్నన్నాళ్ళే వీళ్ళ పని.

ఆ బోర్డుకు ప్రాణమంతా ఎనిమిది కాళ్ళ ఐసీలో ఉంది. అది ఏం చేస్తుందో, చేరిన కొత్తలో పుల్లయ్యే చెప్పాడు. పాత కెమెరా నుంచి బొమ్మ ఒకే తీగలో వస్తుంది. వెలుగూ నీడా అందులోనే. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలి, ఏ బొమ్మ ఎక్కడ ముగియాలి అని చెప్పే దెబ్బలు కూడా అందులోనే కలిసిపోయి ఉంటాయి. ఆ దెబ్బల్ని మాత్రం ఏరి పక్కకు తీస్తుంది ఈ ఐసీ.

"భజన ఇన్నవా ఎన్నడన్న?" అని అడిగాడు ఆవేళ. "పాడెటోడు పాడుతుంటడు, తాళం కొట్టెటోడు కొడుతుంటడు. గిది పాట ఇనదు బిడ్డా. తాళమే ఇంటది. తాళం దొరకకపోతె బొమ్మ నిలవడది, దొర్లుకుంట పోతది."

అంటే బొమ్మలో ఏముందో దానికి తెలియదా అని ఆమె అడిగింది. దానికెందుకు, అన్నాడు పుల్లయ్య.

ఇప్పుడా ఐసీలు కొత్తవి దొరకడం కష్టం. పాత బోర్డుల నుంచి పీకినవి, అరగదీసి పైన మళ్ళీ పేరు అచ్చేసినవి, సంచుల లెక్కన వస్తాయి. మంచీ చెడూ అన్నీ కలిసే ఉంటాయి. ఒక్కోటీ పెట్టి చూడాల్సిందే. మొదట్లో సారు పరీక్ష కెమెరాని గోడ మీది క్యాలెండరు వైపు పెట్టాడు. క్యాలెండరు కదలదు కాబట్టి చచ్చుపుచ్చు ఐసీలు కూడా దాని ముందు బాగానే నిలబడేవి. తీరా క్రేను ఎక్కాక, ఎండ పడేసరికి దొర్లేవి. బొమ్మలో కదలిక ఉండాలి, వెలుగు మారుతుండాలి, అప్పుడే దాని సంగతి బయటపడుతుంది అని సారు కెమెరాని పుల్లయ్య బల్ల వైపు తిప్పాడు. అక్కడ దీపం ఉంది, పొగ ఉంది, ఊరుకోని చేతులున్నాయి.

ఆ విధంగా వెంకటలక్ష్మి పొద్దస్తమానం పుల్లయ్యనే చూస్తూ కూర్చుంటుంది. ఇద్దరికీ మధ్య సామాన్ల ఇనప ర్యాకు అడ్డం. ఆమె ముఖం గోడ వైపు, వీపు ఆయన వైపు. టీవీలో మాత్రం పైనుంచి ఆయన నడినెత్తీ, చెవుల మీది తెల్లటి కుచ్చులూ, నుదుటికి పట్టీతో కట్టుకున్న భూతద్దం, సోల్డరింగ్ ఐరన్ మొన నుంచి లేచే పొగా, తడి స్పాంజి మీద మొన తుడిచే చెయ్యీ, అన్నీ తెలుపు నలుపుల్లో కనిపిస్తాయి. ఆయన ముఖం కన్నా నడినెత్తే ఆమెకు బాగా తెలుసు. ఐసీ బాగా చెడిపోయిందైతే ఆయన రెండు ముక్కలై, చేతులు పైకీ తల కిందికీ పోతాయి. ఒకసారి నవ్వాపుకోలేక, నీ తల కిందికొచ్చింది చిన్నాయనా, అంది. నా బతుకంత గంతేనాయె, ఇయ్యాల కొత్తగ జూసినవా, అన్నాడాయన ర్యాకు అవతలి నుంచి.

బతుకంతా అంటే, ఆయన చిన్నతనంలో ఓ టీవీల కంపెనీలో చేరి, అది మూతపడ్డాక చందానగర్‌లోనే రిపేరు దుకాణం పెట్టాడు. ఆదివారం సినిమా సమయానికి టీవీ ఆగిపోతే ఈ చుట్టుపక్కల ఆయన కోసం మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చేవారు. కాఫీ ఇచ్చేవారు, కుర్చీ వేసేవారు. గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాక ఎవరూ రాలేదు. దుకాణం కిరాయికి ఇచ్చేసి, పదేళ్ళు ఏమేమో చేసి, ఇక్కడ తేలాడు. భార్య సత్తెమ్మ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. పిల్లలు లేరు. పొద్దున ఆమె బుట్ట దించిపెట్టి ఆయన పనికి వస్తాడు, సాయంత్రం వెళ్ళి బుట్ట ఎత్తిపెడతాడు. ఇంతకు మించి చెప్పుకోవడానికి పుల్లయ్య బతుకులో ఏమీ లేదు. ఆయన చెప్పుకునేవాడు కూడా కాదు.

ఆ రోజు పొద్దున వెంకటలక్ష్మి లింగంపల్లిలో షేరింగ్ ఆటో ఎక్కి వచ్చేసరికి, పుల్లయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వాన ముందరి ఉక్కపోత అనుకుందామంటే, గాలి చల్లగానే వీస్తోంది. అరచేత్తో రొమ్ము మధ్యలో నిమురుకుంటున్నాడు. ఏమైంది చిన్నాయనా అంటే, గ్యాస్ అన్నాడు. సోడా తాగితే పోతుందన్నాడు. సోడా తాగాడు, పోలేదు. ఎడమ భుజం కూడా లాగుతున్నట్టుందని, అడక్కపోయినా తనే అన్నాడు. అన్నాక, అనవసరంగా అన్నానే అన్నట్టు చూశాడు.

వెంకటలక్ష్మి గుండెలో రాయి పడింది. అయితే ఆమె గుండెలో రాళ్ళు పడడం రోజూ ఉన్నదే. మదనపల్లె దగ్గర పల్లెలో ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో చదువు మాన్పించి పెళ్ళి చేశారు. మొగుడు సురేంద్ర క్యాబ్ తోలతాడు. ఆఫీసుల వాళ్ళను ఎక్కించుకోవడం, దించడం, ఎప్పుడు ఇంట్లో ఉంటాడో అతనికే తెలియదు. పాప హరిత పుట్టినప్పటి నుంచీ ఆమెకు నిద్ర పైపైనే. పాప తుమ్మితే నుదురు పట్టుకు చూస్తుంది. రెండుసార్లు దగ్గితే ఆస్పత్రికి పరిగెత్తుతుంది. పోయిన వారం పాప ఒంటి మీద ఎర్రమచ్చలు చూసి ఏడుస్తూ పోతే, డాక్టరమ్మ వేలితో తుడిచి, ఇది స్కెచ్ పెన్ను రంగమ్మా అంది. నీకు భయం నంజుకోకపోతే అన్నం దిగదు అన్నాడు సురేంద్ర. ఇల్లుగలామె ప్రశాంతి ఆ ముచ్చట వీధంతా చెప్పి నవ్వించింది. ఇక మీదట ప్రతిదానికీ బెదరనని ఆ రాత్రే గట్టిగా అనుకుంది.

అయినా ఆగలేకపోయింది. ఆస్పత్రికి పోదాం పా అంది. నీకు తుమ్మినా దవాఖాననేనా అని ఆయన నవ్వి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు.

సారు ఆ రోజు మాధాపూర్‌లో ఎవరితోనో మాట్లాడే పనుండి రాలేదు. సాయంత్రం కొరియర్ బండి వస్తుంది. పుల్లయ్య చేతిలో ఉన్న బోర్డులు పూర్తవ్వాలి, వాటితో పాటు పరీక్షించిన ఐసీలు విడిగా ఒక ట్రే నిండా పోవాలి. ఇదివరకే రెండుసార్లు ఆలస్యమైన ఆర్డరు. వెంకటలక్ష్మి సారుకి ఫోన్ చేసింది. తగ్గకపోతే పని ఆపేసి తీసుకెళ్ళమ్మా, సరుకు సంగతి తర్వాత చూద్దాం అన్నాడాయన. ఆ మాట వెళ్ళి పుల్లయ్యకు చెప్పింది.

"సార్ మంచోడు, గట్లనే అంటడు," అన్నాడు పుల్లయ్య, భూతద్దం కళ్ళ మీదికి దించుకుంటూ. "ఇయ్యాల సరుకు పోకపోతె ఆర్డర్ పోతది. ఆర్డర్ పోతె ఈ దుకాణం ఉంటదా? నాదంటె అయిపోయింది, నువ్వేడికి పోతవ్?"

ఎనిమిది కాళ్ళ ఐసీని చూసి మంచీ చెడూ చెప్పడం తప్ప ఆమెకు వచ్చిన పని ఇంకోటి లేదు. ఆ పనికి ఇంకెక్కడా చోటు లేదు. ఆర్డరు పోకూడదని ఆమెకూ ఉంది. ఆయన దాన్ని ఆమె ముఖంలో చూసినట్టే ఉన్నాడు.

"ఒక మాట," అన్నాడు. "నీ ట్రే నిండె యాళ్లకు నా బోర్డులు గూడ అయితయి. గప్పుడు పోదాం. ఒట్టు. సత్తెమ్మకు మాత్రం ఫోన్ జేయకు, మార్కెట్ల ఏడ్సుకుంట ఉర్కొస్తది."

అలా ఒప్పందం కుదిరింది. వెంకటలక్ష్మి ప్రశాంతికి ఫోన్ చేసి, ఈ పూట పాపను బడి నుంచి నువ్వు తీసుకురాక్కా అని బతిమాలింది. పాపను వేరేవాళ్ళ చేతికి ఇవ్వడం ఆమెకు అదే మొదటిసారి. నీళ్ళు కాచి తాగించు, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి కాదు, మణికట్టు పట్టుకో అని చెప్పి పెట్టేసింది. ఎంతసేపు చెప్పినా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంది.

సంచి చూస్తే ఈసారి దరిద్రంగా ఉంది. పెట్టినవి పెట్టినట్టే పాడువి. బిస్కెట్ డబ్బాలో టపటపా పడుతున్నాయి, ట్రేలో వరుసలు కదలడం లేదు. ఒక్కో ఐసీకీ పుల్లయ్య జారుతున్నాడు, చీలుతున్నాడు, పక్కకు సాగిపోతున్నాడు. ఆయన తుడుచుకుంటున్న చెమట నిజంగా ఎక్కువైందో, బొమ్మే వణుకుతోందో తెలియక ఆమె మాటిమాటికీ లేచి ర్యాకు అవతలికి వెళ్ళి చూసి వచ్చేది. ఎట్లుందిప్పుడు. ఉన్నట్లనే ఉంది. నీళ్ళు తాగు. తాగిన.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, పెరుగన్నం సగం మూతలో ఆయనకు పెట్టింది. రెండు ముద్దలు తిని, నోరు చేదుగుందని పక్కన పెట్టాడు. ఆమె తినలేదు. తింటే ఆలస్యం. తర్వాత ఇంకోసారి లేచి వెళ్ళేసరికి ఆయనకు విసుగొచ్చింది.

"నువ్వు గిట్ల తిరుగుతుంటె ట్రే ఎప్పుడు నిండాలె, మనం ఎప్పుడు పోవాలె?" అన్నాడు. గొంతు పీలగా ఉంది. "టీవీల కనవడుతనే ఉన్న గద బిడ్డా. ఆడికెళ్లే సూడు."

అదీ నిజమే. ఎంత తొందరగా నింపితే అంత తొందరగా ఆయన లేస్తాడు. వెంకటలక్ష్మి కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగు బొడ్లో దోపుకుని, ఇక లేవకూడదని కూర్చుంది. పెట్టడం, నొక్కడం, చూడడం, తీయడం. చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. మెడ పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి. కింద సందులో ఎవరో కొబ్బరిబోండాలు నరుకుతున్నారు. ఐసీ, బొమ్మ, డబ్బా. ఐసీ, బొమ్మ, ట్రే. మనసులో ఆస్పత్రి దారి వేసుకుంటోంది. కిందికి దిగగానే ఆటో, ముందు దగ్గర్లోని క్లినిక్కు, వాళ్ళు పెద్దాస్పత్రి అంటే అక్కడికి. ఆయన ఆధార్ కార్డు దగ్గర పెట్టుకున్నాడో లేదో అడగాలి. తీరా వెళ్ళాక గ్యాసేనమ్మా అంటే? అంటే అననీ. ప్రశాంతి వీధంతా చెప్పి నవ్వించినా పర్లేదు. ఆ నవ్వులు ఇప్పుడే వినిపిస్తే బాగుండుననిపించింది.

ఎక్కడ మొదలైందో గానీ, సంచి మారిపోయింది. పెట్టిన ఐసీ పెట్టినట్టే నిలబడుతోంది. ఒకటి, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. బొమ్మ లివర్ నొక్కగానే ఒక్కసారి జారి, అంతే, గోడకు మేకు కొట్టినట్టు ఆగిపోతోంది. వణుకు లేదు, చీలిక లేదు. అడుగున మంచి సరుకు పడిందన్నమాట. పొద్దుటి నుంచి ఏడిపించిన దేవుడు ఇప్పుడు కరుణించాడు అనుకుంది. చేతులు ఇంకా తొందరపడ్డాయి. చివరి వరుస సగానికి వచ్చింది, ముప్పాతికకు వచ్చింది. బిస్కెట్ డబ్బాలో చప్పుడు పడి చాలాసేపయింది.

ఆఖరి గుంటలో ఆఖరి ఐసీ పెట్టి, నడుం వెనక్కి విరుచుకుంది.

"చిన్నాయనా, నిండిపాయ. లెయ్యి, పోదాం."

జవాబు రాలేదు. పని ధ్యాసలో ఉన్నాడనుకుని టీవీ వైపు చూసింది. ఎడమ మోచెయ్యి బల్ల మీద, తల ముందుకు వంచి, రోజూ కూర్చున్నట్టే కూర్చున్నాడు. అంత చక్కటి బొమ్మ ఆ టీవీలో ఆమె ఎప్పుడూ చూడలేదు. తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. ఐరన్ స్టాండులో ఉంది. పొగ లేదు. కుడిచెయ్యి స్పాంజి పక్కన, వేళ్ళు సగం ముడిచి ఉన్నాయి. ఆ వేళ్ళు ఇందాక కూడా అక్కడే, అలాగే ఉన్నాయి. అంతకు ముందూ అలాగే ఉన్నాయి.

ఆమె లేచి ర్యాకు చుట్టూ తిరిగి వెళ్ళింది. పరిగెత్తలేదు. భుజం మీద చెయ్యి వేస్తే, చొక్కా ఇంకా తడిగానే ఉంది గానీ, లోపలి ఒళ్ళు చల్లబడి ఉంది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కళ్ళద్దాల దుకాణం వాళ్ళు పైకొచ్చారు. అంబులెన్స్ వచ్చింది. వచ్చినాయన నాడి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, పోయి కొంతసేపయిందన్నాడు. సారు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరో మార్కెట్‌కు మనిషిని పంపారు. సత్తెమ్మ ఏడుస్తూ రాలేదు. చేతులకు గోంగూర మట్టితోనే వచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చుని, చెవి మీది జుట్టును వెనక్కి దువ్వింది. తలెత్తి వెంకటలక్ష్మిని అడిగింది.

"నువ్వు గీడనే ఉంటివి గద బిడ్డా. ఎప్పుడు పాయె?"

వెంకటలక్ష్మి వెనక్కి తిరిగింది. ర్యాకు అరల సందులోంచి ట్రే కనిపించింది. పెట్టినవి పెట్టిన వరుసలోనే ఉన్నాయి. పాడువి రావడం ఆగిన చోటు నుంచి కింది దాకా, నల్లటి ఐసీలు ఒకే తీరుగా, ఒకదాని పక్కన ఒకటి. వాటిలో ఒకదాని ముందు ఆయన బతికి ఉన్నాడు. దాని పక్కదాని ముందు లేడు. రెండింటినీ ఆమే చూసింది, రెండూ మంచివే అని పెట్టింది.

"తెల్లేదమ్మా," అంది చివరికి. "చూస్తానే ఉండాను."

అంబులెన్స్ వాళ్ళు ఆయన్ని కిందికి దించారు. మెట్ల మలుపు దగ్గర కాస్త ఇబ్బంది పడ్డారు. సత్తెమ్మ వెనకే దిగింది. తన బుట్ట మార్కెట్లోనే వదిలేసి వచ్చానని ఎవరినీ ఉద్దేశించకుండా అంటోంది.

కొరియర్ అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, ఏమీ లేదు బాబూ, వెళ్ళు అని సారే పంపించేశాడు. వెంకటలక్ష్మి ట్రేను ఆయన ముందుకు జరిపింది. ఇది పనికిరాదు సార్, మళ్ళీ అన్నీ చూడల్ల, బొమ్మ కదలకుండా ఉన్నప్పుడు చూసినవి ఇవి, అంది. సారుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ ట్రే వైపు చూడకుండా, ఇంటికెళ్ళమ్మా, పాప ఎదురుచూస్తుంటుంది అన్నాడు. తను కూడా సత్తెమ్మ వెంట వెళ్ళాలని దిగిపోయాడు.

ఆమె పరీక్ష టీవీ కట్టేసింది. ప్రశాంతి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చి ఆగింది. పాప బాగానే ఉందని చెప్పడానికే అయ్యుంటుంది. పాప విషయంలో మొదటిసారిగా, వెంకటలక్ష్మి వెంటనే తిరిగి ఫోన్ చెయ్యలేదు.

ర్యాకు అవతలికి వెళ్ళి దీపం ఆర్పబోతే, ఐరన్ స్విచ్ ఇంకా వేసే ఉంది. కట్టేసింది. బల్ల మీది బిగింపులో ఆఖరి బోర్డు తిరగేసి పెట్టి ఉంది. ఐసీ కాళ్ళు రంధ్రాల్లోంచి పైకి వచ్చి ఉన్నాయి. అది వంకర పోకుండా ముందుగా మూల కాలు ఒక్కటి అతుకుతారు, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని మిగతావి అతుకుతారు. మూల కాలి చుట్టూ సీసం చుక్క గుండ్రంగా, తళతళలాడుతూ ఉంది. మిగతా ఏడు కాళ్ళూ తమ రంధ్రాల్లో వట్టిగా నిలబడి ఉన్నాయి.